ఆరు కాళ్ల సాలెపురుగు

మొన్న బాన్సువాడలో నాకు శాలువా కప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పాఠాలు చెప్పిన ప్రాథమిక పాఠశాల పిల్లలు, ఇప్పుడు తమ పిల్లల్ని కాలేజీలకు పంపుతున్నవాళ్లు, ఒక ఫంక్షన్ హాలు కిరాయికి తీసుకుని అందరినీ పిలిచారు. గుమ్మం దగ్గర నా ఫొటోతో నిలువెత్తు ఫ్లెక్సీ. దాని మీద "ప్రకృతి పాఠాల గురువు" అని రాసి ఉంది. ఫొటోలో నా వెనక ఒక జలపాతం ఉంది. అది ఎక్కడిదో నాకు తెలియదు. ఎరువుల దుకాణం నడిపే గంగారాం మైకు తీసుకుని, "సారు మాతోని బర్రె నోరు తెరిపిచ్చిండు. పల్లిచెట్టు పీకిపిచ్చిండు. సాలెపురుగు కాళ్లు లెక్కబెట్టిపిచ్చిండు. గిసుంటి సారు ఇప్పుడు యాడ దొరుకుతడు?" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత మైకు నాకిచ్చారు. "ఆ బర్రె, ఆ పల్లిచెట్టు, ఆ సాలెపురుగు నావి కావు. అవి సుశీల టీచర్ గారి పాఠాలు" అన్నాను. గంగారాం నా చేతిలోంచి మైకు తీసుకుని, "చూసిన్రా, పెద్దోళ్ల వినయం గిట్ల ఉంటది" అన్నాడు. ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా వినిపించాయి. మైకులో చెబితే లాభం లేదని అప్పుడే తెలిసింది. అందుకే రాస్తున్నాను. కాగితానికి ఎవరూ చప్పట్లు కొట్టరు.

భోజనాల దగ్గర గంగామణి నా పక్క కుర్చీలో కూర్చుంది. చిన్నప్పుడు ముందు వరసలో కూర్చునే పిల్ల. ఇప్పుడు ఆసుపత్రిలో నర్సు. పప్పులో అన్నం కలుపుతూ నెమ్మదిగా అంది: "సార్, మీరు మమ్ముల బయట తిప్పిన్రని గంగారాం అన్నడు. కాని నా యాదిల మీరు చార్టు మీద కట్టెపుల్ల పెట్టి చెప్పుడే ఉన్నది." తిడుతున్నట్టు అనలేదు. సాంబారులో ఉప్పు తక్కువైందన్నట్టు అంది. ఆ "కాని" దగ్గర ఆగి ఊపిరి తీసుకునే తీరు నాకు బాగా తెలుసు. అది సుశీల టీచర్ తరగతిలో తప్ప మరెక్కడా నేర్పేవారు కాదు. "టీచరమ్మ బిచ్కుందల బిడ్డ కాడ ఉంటుంది. ఒకసారి పోయి రారాదు సార్" అని, టీచర్ ఫోను నంబరు కూడా రాసిచ్చింది. ఎన్నో ఏళ్లుగా నేను వెళ్లకుండా ఉన్న ఊరు బిచ్కుంద. వెళ్లకపోవడానికి బస్సులు లేకపోవడం కారణం కాదు.

మా నాన్న కోస్తా నుంచి వచ్చి కోటగిరి దగ్గర క్యాంపులో కాలువ కింద పొలం కొనుక్కున్న రైతు. నేను ఇంటర్లో సైన్సు చదివి, టీచరు ట్రైనింగు పూర్తిచేసి, బాన్సువాడకూ బోధన్‌కూ మధ్య ఉన్న ఏకైక శాస్త్రవేత్తనన్న నమ్మకంతో ఉద్యోగంలో చేరాను. ఉండడానికి గది ఇచ్చింది మా బడిలోనే మూడో తరగతికి చెప్పే సుశీల టీచర్. భర్త పోయాక అత్తగారితో, చిన్న కూతురితో ఉండేది. ఇల్లు బడికి దగ్గర. పగలు ఒంటిగంట బెల్లు కొట్టగానే ఇంటికి పోయి, అత్తకు అన్నం పెట్టి, మళ్లీ బడికొచ్చేది. అలా రావడం రోజూ కాస్త ఆలస్యమయ్యేది. నాకు ఇచ్చిన ముందు గది కిరాయిలోనే పొద్దుటి చాయ్, సాయంత్రం చాయ్ కలిపి ఉండేవి. ఇరుగుపొరుగు ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చుట్టేవారు. నానబెట్టిన తునికాకు పచ్చి వాసన, పొగాకు ఘాటు కలిసి గోడ దాటి వచ్చేవి. మొదటి నెలంతా తుమ్ముతూనే పాఠాలు చదువుకున్నాను. "ఆంధ్ర ముక్కుకు పొగాకు పడుతలేదు" అని పక్కింటివాళ్లు నవ్వేవారు. గుంటూరు పొగాకు గురించి వాళ్లకు చెప్పాలనిపించేది గాని, తుమ్ము ఆగేది కాదు.

సుశీల టీచర్ అత్తను అందరూ అవ్వ అనేవారు. రెండు కళ్లలో పువ్వు వచ్చి చూపు పోయింది. అయినా ఆ ఇంట్లో ఎవరి సాయమూ అడిగేది కాదు. గోడ మీద చెయ్యి వేసి నడిచేది. ఎక్కడ గూడు ఉందో, ఎక్కడ సున్నం రాలిందో, ఎక్కడ మేకు పొడుచుకుని ఉందో ఆ చేతికి తెలుసు. సాయంత్రం పొయ్యి ముందు కూర్చుని, పగిలిన కుండ పెంకులో ఇసుక పోసి, ఆ వేడి ఇసుకలో శనగలు వేయించేది. చిటపట సద్దు వినే ఎప్పుడు దించాలో చెప్పేది. ఒక్క గింజ మాడగా నేను చూడలేదు. నన్ను పేరుతో ఎప్పుడూ పిలవలేదు. "ఓ కిరాయి పిలగా, చాయ్ తాగినవా?" అనేది. కోడలు బడి నుంచి రాగానే రోజూ ఒకే ప్రశ్న అడిగేది.

"ఇయ్యాల గెల్చినవా, ఓడినవా?"

"ఓడిన అత్తా."

"ఒక్కనాడన్న గెలువరాదు? శనగలు నీ బాపు పండిస్తుండా?"

"నేను గెలిస్తె పిల్లలు ఏం తింటరు?"

ఆ తర్వాత అవ్వ గొణుక్కుంటూనే పెంకులో ఇంకో పిడికెడు శనగలు పోసేది. అత్తాకోడళ్లు ఎక్కడో పచ్చీసు ఆడుతున్నారని కొన్నాళ్లు అనుకున్నాను. టీచరుగా పనిచేసే మనిషి రోజూ ఓడిపోయే ఆట ఎందుకు ఆడుతుందో అర్థం కాలేదు. అది నా పని కాదు కాబట్టి అడగలేదు.

బడిలో నా తరగతికీ ఆమె తరగతికీ మధ్య తడక మాత్రమే ఉండేది. నేను చార్టు మీద పుల్ల పెట్టి పుష్పంలోని భాగాలు చెబుతుంటే అటు నుంచి ఆమె గొంతు వినబడేది. "బర్రెకు ముంగటి పండ్లు మీద, కింద రెండు దిక్కుల ఉంటయి. కాదన్నోడు రేపు పొద్దుగాల చూసొచ్చి చెప్పాలె." బర్రెకు పై దవడలో ముందు పళ్లు ఉండవు. ఆ సంగతి నేను చదివాను. పాపం, ఆమెకు తెలియదనుకున్నాను. మర్నాడు పొద్దున ఒక రైతు తలపాగా సర్దుకుంటూ బడికి వచ్చాడు.

"టీచరమ్మా, మీ పోరగాండ్లు నా బర్రె నోట్ల చేతులు పెట్టిన్రు. అది బెదిరి తలుగు తెంపుకున్నది. ఇగ పాలు ఇయ్యకపోతె నీదే పూచి."

"గది సరే పటేలా, పండ్లు ఉన్నయా మరి మీద?"

రైతు ఆకాశం వైపు చూశాడు. "ఉండకపోతె గడ్డి ఎట్ల తింటది?" అన్నాడు. అంతకంటే నమ్మకంగా చెప్పలేకపోయాడు. పిల్లలు కిసకిస నవ్వారు. ఒక పిల్లవాడి చొక్కా చెయ్యి బర్రె నమిలి సగానికి పోయింది. వాడే లేచి నిలబడి చెప్పాడు: "టీచరమ్మ రెండు దిక్కుల ఉంటయి అన్నది. కాని మేం చూస్తె మీద లేవు, ఉత్త చిగురే ఉన్నది." సుశీల టీచర్ "ఐతే ఓడిన" అని, కొంగున కట్టిన పుట్నాలు విప్పి పంచింది. రైతుకు కూడా పిడికెడు పెట్టింది. అతను వాటిని నములుతూ, దారిలోనే బర్రె నోరు చూడాలన్నట్టు తొందరగా వెళ్లిపోయాడు.

పచ్చీసు సంగతి ఆ రోజు నాకు అర్థమైంది. అయినా ఒక సైన్సు మనిషిగా నాకు అది నచ్చలేదు. తప్పు చెప్పడం, తినుబండారం ఇవ్వడం రెండూ ట్రైనింగులో లేవు. ఆ సాయంత్రం చాయ్ తాగుతూ అన్నాను: "టీచర్ గారూ, మీరు పిల్లలకు తప్పులు చెబుతున్నారండి."

"ఎన్ని చెప్పిన?"

"బర్రె పళ్లండి. సాలెపురుగుకు ఆరు కాళ్లన్నారండి."

"పల్లికాయ లెక్కబెట్టలేదా? వేరుకు కాస్తది అని చెప్తి గద."

"అది ఒప్పే కదండీ."

ఆమె నవ్వలేదు. కూతుర్ని పిలిచి, పిల్లలు తెచ్చిన పల్లిచెట్టు తెమ్మంది. వేళ్లకు మట్టి ఇంకా ఆరలేదు. పువ్వు రాలిన చోటి నుంచి ఒక ఊడ బయల్దేరి, వంగి, మట్టిలోకి దిగి, దాని కొసన కాయ వేలాడుతోంది. వేరుకు ఒక్క కాయ కూడా లేదు. మా క్యాంపులో కూడా మెట్ట మీద పల్లి వేసేవారు. చిన్నప్పుడు ఎన్నిసార్లు పీకి తిన్నానో. తినడమే తప్ప చూడలేదు. గోడ వారన కూర్చున్న అవ్వ, "ఏమాయె? కిరాయి పిలగాడు గూడ ఓడిండా? జర పుట్నాలు పెట్టు వానికి" అంది. పక్కింటి బీడీలు చుట్టేవాళ్లు కూడా విన్నారు.

"నేను సగం చెప్త తమ్మి. మిగిలిన సగం వాండ్లు తేవాలె" అంది సుశీల టీచర్. "టీచరమ్మ గిట్లన్నది, కాని మేం చూస్తె గిట్లున్నది. నా తరగతిల గట్లనే జవాబు చెప్పాలె. ముందుగాల నా మాట, ఎనుక వాండ్లు చూసింది."

"అన్నీ కావాలనే తప్పు చెబుతారా అండి?"

"కొన్ని కావాలనే. కొన్ని నిజంగనే తెల్వక. ఏది ఏదో ఇగ నాకే యాదిలేదు. పుట్నాలు మాత్రం రెండింటికి ఇస్త."

ఆ రాత్రి పుట్నాలు నా బల్ల మీదే ఉండిపోయాయి. నాకు సాలెపురుగు గురించి కోపం లేదు. పల్లికాయ గురించే కోపం. ఈ మాట రాయడానికి ఇన్నేళ్లు పట్టింది, తీరా రాశాక ఇంత చిన్నగా ఉంది.

కొన్నాళ్లకు తనిఖీ వచ్చింది. తనిఖీ చేసే అధికారిని ఊళ్లో డిప్టీ సాబ్ అనేవారు. ముందుగా చెప్పకుండా, మధ్యాహ్నం భోజనాల వేళ దాటుతుండగా జీపు దిగాడు. సుశీల టీచర్ అవ్వకు అన్నం పెట్టి ఇంకా తిరిగి రాలేదు. ఆమె వచ్చేదాకా రెండు తరగతులూ నేనే చూసుకునేవాణ్ణి. డిప్టీ సాబ్ మూడో తరగతిలోకి వెళ్లి, ఖాళీ కుర్చీ చూసి, ముందు వరసలో ఉన్న గంగామణిని లేపాడు.

"సాలెపురుగుకు ఎన్ని కాళ్లు?"

గంగామణి చేతులు కట్టుకుని, వాళ్ల తరగతి పద్ధతిలో మొదలుపెట్టింది. "టీచరమ్మ ఆరు అన్నది సార్." అక్కడ ఆగి ఊపిరి తీసుకుంది. ఇంకో సగం నాలుక మీద ఉంది. నాకు అది కనబడుతోంది. కళ్లు మెరుస్తున్నాయి. అంతలో డిప్టీ సాబ్, "చాలు, కూసో" అన్నాడు. పిల్ల నా వైపు చూసింది. తర్వాత కూర్చుంది.

ఆయన నా వైపు తిరిగి, "ఏమయ్యా, ఆరేనా?" అన్నాడు.

"ఎనిమిదండి."

"మరి ఈమె ఆరని చెప్తదా పిల్లలకు?"

"అలాగే చెబుతారండి" అన్నాను.

అందులో అబద్ధం లేదు. ఇన్నేళ్లూ నన్ను నేను సమర్థించుకున్నది ఆ ఒక్క మాటతోనే. ఆమె అలాగే చెప్పేది. కాని ఎందుకు చెప్పేదో, తర్వాత ఏం జరిగేదో నాకు తెలుసు. పిల్లను మధ్యలో ఆపారు. నన్ను ఎవరూ ఆపలేదు. నేనే ఆగాను. సుశీల టీచర్ చెమటలు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చేసరికి డిప్టీ సాబ్ జీపు ఎక్కుతున్నాడు. "ఏమడిగిండు?" అంది. "ఏవో మామూలు ప్రశ్నలండి" అన్నాను.

నెల తిరక్కుండానే ఆమెను డోంగ్లి అవతల, మహారాష్ట్ర సరిహద్దులో ఉన్న ఒక ఊరికి మార్చారు. పగలు ఇంటికొచ్చి అన్నం పెట్టిపోయే వీలు ఉండదు కాబట్టి అవ్వను కూడా తీసుకుపోవాల్సి వచ్చింది. సామాను లారీ ఎక్కించాక అవ్వ ఒకసారి ఇల్లంతా తిరిగింది. గోడ పట్టుకుని, గూడు తడిమి, మేకు తడిమి, మళ్లీ గూడు దగ్గరికొచ్చింది. లారీవాడు హారను కొట్టాడు. "ఓ కిరాయి పిలగా, పెంక పొయ్యి కాడనే పెట్టిన. పారెయ్యకు, మల్ల అచ్చినంక పని పడ్తది" అంది. తర్వాతి చలికాలంలో పోయిందని పక్కింటివాళ్లు చెప్పారు. కొత్త ఇంటి గోడలు ఆమె చేతికి అలవాటు కాలేదట. కూర్చోబెట్టిన చోటే కూర్చునేదట. పెంకు కొన్నాళ్లు అక్కడే ఉంది. తర్వాత ఇల్లు వేరేవాళ్లు తీసుకుని సున్నం వేయించారు. అప్పుడు ఏమైందో నేను చూడలేదు.

మూడో తరగతి నాకిచ్చారు. నేను ఒక్క తప్పు కూడా చెప్పలేదు. సాలెపురుగుకు ఎనిమిది కాళ్లని మొదటి రోజే బోర్డు మీద రాశాను. పిల్లలు రాసుకున్నారు. ఆ తర్వాత ఏ సాలెపురుగు వంకా ఎవరూ చూసినట్టు నాకు గుర్తులేదు. మొదట్లో ఒకరిద్దరు అగ్గిపెట్టెల్లో పురుగులు, జేబుల్లో గింజలు తెచ్చేవారు. "పాఠంలో లేనివి తేవద్దు" అన్నాను. తేవడం మానేశారు. తనిఖీల్లో మా బడికి మంచి పేరొచ్చింది. గంగామణి అన్నిటికీ సరైన జవాబులు చెప్పేది. ఒక ముక్కలో చెప్పి కూర్చునేది. ఊపిరి తీసుకునే పని ఉండేది కాదు.

ఇప్పుడు నేను ప్రధానోపాధ్యాయుణ్ణి. మా బడిలో గోడకు వీడియో తెర ఉంది. దాని మీద సాలెపురుగు గది అంత పెద్దదిగా పాకుతుంది, వెంట్రుకలు కూడా కనబడతాయి. కాళ్లెన్ని అంటే తరగతంతా ఒక్క గొంతుతో ఎనిమిది అంటుంది. ఆ తెర పైమూలనే ఒక అసలు సాలెపురుగు గూడు కట్టుకుంది. నెలరోజుల పాటు దాన్ని ఎవరూ గమనించలేదు. నేనూ గమనించలేదు. చీపురుతో దులిపిన ఆయా చెప్పింది.

బిచ్కుంద వెళ్లిన రోజు ముసురు పట్టి ఉంది. బండి మీద వెళ్లాను. సుశీల టీచర్ వసారాలో మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంపుతోంది. నన్ను గుర్తుపట్టడానికి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు. "కిరాయి పిలగాడు" అంది కూతురితో. సంచిలోంచి శాలువా తీసి, "ఇది మీకు చెందాల్సిందండి" అన్నాను. ఆమె దాన్ని రెండు వేళ్లతో నలిపి చూసింది. "పాలిస్టరు. ఐనా ముసురుకు పనికొస్తది, ఇటు తే" అని కాళ్ల మీద కప్పుకుంది. అప్పుడు డిప్టీ సాబ్‌తో నేనన్న మాట చెప్పాను. ఆమె కాయలు తుంపడం ఆపలేదు.

"తెలుసు. ఆర్డరు ఇచ్చేటప్పుడు ఆయనే చెప్పిండు, మీ సారే ఒప్పుకున్నడు అని."

"తెలిసీ ఊరు వదిలేదాకా నాకు చాయ్ పోశారా అండి?"

"కిరాయిల ఉండె గద."

ఆమే మళ్లీ అంది: "ఆ ఊరి పిల్లలు మంచోళ్లు. ఇండ్లల్ల మరాఠీ. నాకు మరాఠీ రాదు. నేను ఏది చెప్పినా తప్పే. పొద్దంత ఓడుడే. గసుంటి తరగతి నాకు మల్ల దొరుకలే." ఇంకో కాయ తుంపి, "అత్తకే బాగలేకుండె. గోడలు తెల్వకపాయె" అంది. ఆ మాట నా వైపు చూడకుండా అంది. పర్వాలేదని అనలేదు. అంటుందేమోనని నేను భయపడ్డాను. అననందుకు ఊపిరి పీల్చుకున్నాను.

లేచి బయల్దేరుతుంటే గేటు దాకా వచ్చింది. రోడ్డు అవతల పాడుబడ్డ బావి మీదికి వంగిన తుమ్మచెట్టుకు గిజిగాడి గూళ్లు వేలాడుతున్నాయి. "గా గూళ్లు చూసినవా? అన్ని ఆడిదే కడ్తది. మొగదానికి ఏం తెలుసు ఇల్లు కట్టుడు" అంది. మగదే కడుతుందండి అన్న మాట నా నాలుక దాకా వచ్చింది. దాన్ని ఎన్నో తరగతులకు చెప్పాను, పరీక్షల్లో ఇచ్చాను, రాయనివాళ్లకు మార్కు కోశాను. గిజిగాడు గూడు కడుతుండగా మాత్రం ఒక్కసారీ చూడలేదు. నోరు మూసుకుని బండి తీశాను.

కొంచెం దూరం పోయి వెనక్కి తిరిగొచ్చాను. బావి పక్కన బండి ఆపి, తుమ్మచెట్టు కింద తుంపరలో నిలబడ్డాను. దారిన పోయే ఒకతను "ఏమన్న పోయిందా సార్?" అన్నాడు. లేదన్నాను. పసుపు తల ఉన్న మగవి గడ్డిపోచలు చీల్చుకొచ్చి, తలకిందులుగా వేలాడుతూ అల్లుతున్నాయి. గోధుమరంగు ఆడది ఒకటి వచ్చి, సగం గూడులోకి దూరి, నచ్చలేదేమో వెళ్లిపోయింది. చాలాసేపటికి అలాంటిదే ఇంకోటి, ముక్కున మెత్తటి దూదిలాంటిదేదో కరుచుకుని పూర్తయిన గూటిలోకి పోయి, ఖాళీ ముక్కుతో బయటికొచ్చింది. కాసేపటికి మళ్లీ తెచ్చింది. అప్పటికి నా చొక్కా పూర్తిగా తడిసింది. గంగామణి ఇచ్చిన నంబరుకు అక్కడి నుంచే ఫోను చేశాను. రోడ్డు అవతల ఇంట్లో ఫోను మోగడం నాకు వినబడింది.

"టీచర్ గారూ, మీరు ఆడదే కడుతుంది అన్నారు" అన్నాను. ఊపిరి తీసుకున్నాను. "కాని నేను చూస్తే, మగది అల్లుతోంది. ఆడది లోపలికి మెత్తటిదేదో తెచ్చి పరుస్తోంది. మా పుస్తకంలో ఈ రెండోది లేదండి."

అటు నుంచి చిక్కుడుకాయ తుంపిన సద్దు వచ్చింది.

"ఐతే నేను సగం ఓడిన" అంది సుశీల టీచర్. "వచ్చి తీస్కపో. వేయించెటందుకు అత్త లేదు మరి. దుకాణం పుట్నాలే. తింటవా?"

తింటానండి అన్నాను.